మాస్టారి క్యాటలాగులో నా పేరు

"మాస్టారు ప్రభువునందు నిద్రించారు" అని మా పాత కంప్యూటర్ సెంటర్ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఫోటోతో సహా వచ్చేసరికి నేను ముసునూరు దగ్గర ఒక తోటలో ఉన్నాను. పూత నిలబడి పిందె కట్టే రోజులు. ఈ ఏడు కాపు ఎంతుంటుందో చెట్టు చెట్టుకీ తిరిగి అంచనా వేసుకుంటున్నాను. నా ముఖం చూసి తోట రైతు ఏమైందని అడిగాడు. మా మాస్టారు పోయారని చెప్పాను. "అయ్యో పాపం" అన్నాడాయన. ఆ మాట నా నోటికి మాత్రం రాలేదు. నాకు ముందు కోపం వచ్చింది. నాతో తేల్చుకోవలసింది ఒకటి మిగిలి ఉండగా, తేల్చకుండా ఎలా వెళ్ళిపోతారు అనిపించింది.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మంచే చెబుతాను, బోలెడుంది. దానితోపాటు ఆయన నాకు చేసిన మోసం కూడా చెబుతాను. మోసం అన్నది పెద్దమాటే. నిరుటి వేసవి నుంచి అంతకంటే చిన్నమాట కోసం వెతుకుతున్నాను, దొరకలేదు.

ఆయన విలువ తెలియాలంటే ముందు ఆ రోజులు చెప్పాలి. తొంభైల నడుమ సంగతి. నూజివీడులో ఇంటర్నెట్ అన్న మాట కూడా ఎవరూ అనేవారు కాదు. ఆయన బడిలో లెక్కల మాస్టారు. సాయంత్రం పూట ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని కంప్యూటర్ సెంటర్ నడిపేవారు. కంప్యూటర్లకి దుమ్ము పట్టకుండా ఆయన భార్య పూలగుడ్డతో ముసుగులు కుట్టి తొడిగారు. ఆవిడని మేమంతా అమ్మగారు అనేవాళ్ళం. చెప్పులు గుమ్మం బయట విడిచి, కాళ్ళు గోనెపట్టాకి తుడుచుకుని లోపలికి వెళ్ళాలి. నేను మామిడికాయల కమీషన్ కొట్టు షావుకారు కూతుర్ని. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. టైపు నేర్చుకుంటానని నాన్నకి చెప్పి అక్కడ చేరాను.

రెండేసి నెలలకోసారి మద్రాసు నుంచి ఒక అట్టకవరు వచ్చేది. అందులో ఒక ఫ్లాపీ ఉండేది. ఆ ఫ్లాపీయే క్యాటలాగు. దాన్ని డ్రైవులో పెట్టి నడిపితే తెర మీద ప్రోగ్రాముల పేర్లు వరసగా వచ్చేవి. లెక్కలకి కొన్ని, ఆటలకి కొన్ని, జాతకాలు వేసేవి, టైపు నేర్పేవి. ఏ పేరు మీదకి వెళితే దాని గురించి నాలుగు లైన్ల వివరం కనిపించేది. కావాలనుకున్నదాని మీద స్పేస్ బార్ నొక్కితే పక్కన టిక్కు పడేది. ఆఖర్న ఆర్డరు ఫారం ప్రింటరు మీద కర్ర్‌మంటూ అచ్చయ్యేది. దానికి ఫ్లాపీల ఖర్చుకి డీడీ జతచేసి పోస్టులో వేస్తే, మూడు వారాలకో నెలకో ఆ ప్రోగ్రాములు ఫ్లాపీల్లో మా ఊరు చేరేవి.

తెర పైన షేర్‌వేర్ అని ఉంటే, అంటే ఏంటండీ అని మొదటిరోజే మాస్టారిని అడిగాను. మీ కొట్టుకి బేరగాడొస్తే ఏం చేస్తారని ఎదురు ప్రశ్న వేశారు. కాయ కోసి ముక్క చేతిలో పెడతామని చెప్పాను. ఇదీ అంతేనన్నారు. ముందు వాడి చూడు, నచ్చితే రాసినవాడికి ఉత్తరం రాసి డబ్బు పంపు, నచ్చకపోతే తుడిచెయ్. పంపకుండా వాడుకుంటే రాసినవాడికి ఎలా తెలుస్తుందండీ అన్నాను.

"తెలీదమ్మా. అందుకే పంపాలి."

ఈ మాట ఇప్పటికీ మా గుమాస్తాలకి చెబుతుంటాను. మామిడి వ్యాపారం సగం నోటిమాట మీదే నడుస్తుంది. ఆ నోటిమాట విలువ నాకు మా నాన్నకంటే ముందు ఆయనే నేర్పారు. ఇది తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది.

కొత్త క్యాటలాగు వచ్చిన రోజు సెంటర్లో పండగ. ఒక్క తెర ముందు అందర్నీ కూర్చోబెట్టి, ఆదివారం బడిలో పిల్లల చేత వాక్యాలు చదివించినట్టు, ఒక్కొక్కరి చేత ఒక్కో వివరం పైకి చదివించేవారు. చదివాక అర్థం ఆయన చెప్పేవారు. యూజర్ ఫ్రెండ్లీ అని ఉంటే వాడే విధానం రాయడానికి బద్ధకించాడని అర్థమట. పవర్‌ఫుల్ అని ఉంటే మన కంప్యూటరు దాన్ని మొయ్యలేదని అర్థమట. మేం నవ్వి చచ్చేవాళ్ళం. నచ్చినవాటికల్లా ఆ రోజు టిక్కులు పెట్టనిచ్చేవారు. మర్నాడు వచ్చి ఎవరి టిక్కు వాళ్ళే తీసేయాలి. "ఆశ ఇవాళ, ఆర్డరు రేపు" అనేవారు. మర్నాటికి ఒకటో రెండో మిగిలేవి. బాపులపాడు నుంచి సైకిలు మీద వచ్చే ఒకతను ప్రతిసారీ చదరంగం ఆటకి టిక్కు పెట్టి, మర్నాడు తనే తీసేసేవాడు. చివరికి క్రిస్మస్‌కి మాస్టారే అది తెప్పించి అతనికి బహుమానంగా ఇచ్చారు. అలాంటి మనిషి.

అలా ఒకరోజు మన క్యాటలాగులో అన్నీ ఉన్నాయిగానీ మామిడికాయల కొట్టుకి పనికొచ్చేది ఒక్కటీ లేదేంటి మాస్టారూ అన్నాను. "లేకపోతే నువ్వు రాయి" అన్నారు. ఎగతాళి అనుకున్నాను. కాదు. ఆ చలికాలమంతా పక్కన కూర్చుని నేర్పించారు. నేను తప్పు చేస్తే తప్పనేవారు కాదు. "మళ్ళీ చూడు" అనేవారు. చూస్తే తప్పు నాకే కనిపించేది.

ఆ ప్రోగ్రాం గురించి కొంచెం చెప్పాలి, తరవాతి కథంతా దానిమీదే ఉంది. మా వ్యాపారంలో రసాలు తూకాన కాదు, లెక్కన కొంటాం. తోటకీ కొట్టుకీ మధ్య వంద అంటే వంద కాయలు కాదు, నూట పది. ఆ పదీ కొసరు. దారిలో నలిగేవీ కుళ్ళేవీ పోను, చేరేసరికి వంద మిగలాలని పెట్టిన లెక్క. మా నాన్న కొట్లో అదే, మా తాత కొట్లో అదే. బజార్లో తినడానికి కొనుక్కునేవాళ్ళకి ఈ సంగతి తెలియదు, వాళ్ళకి డజనంటే డజనే. నా ప్రోగ్రాం గొప్పంతా అక్కడుంది. ఒక వంద అని కొడితే తనే నూట పది కాయలుగా తీసుకుని, ఏ తోట నుంచి ఎన్ని వచ్చాయో, ఎన్ని పోయాయో చెప్పేది. ఆ ముక్క ఆఖర్న నేనొక్కదాన్నే కూర్చుని చేర్చాను, కొసరు సంగతి ఎక్కడా రాసి పెట్టలేదు. వంద అంటే ఏంటో ఎవరైనా రాసి పెడతారా? మాకు పుట్టినప్పటినుంచీ వంద అంటే అదే.

ఫ్లాపీలో ఎక్కించి మాస్టారి చేతికిచ్చాను. మద్రాసు క్యాటలాగువాళ్ళకి పంపిస్తానన్నారు. వాళ్ళు చూసి బాగుందనుకుంటే వచ్చే క్యాటలాగులో చేరుస్తారు, దేశంలో ఎక్కడెక్కడివాళ్ళో తెప్పించుకుంటారు, నచ్చితే నాకు ఉత్తరాలు రాస్తారు.

ఇంట్లో నాన్నతో ధైర్యం చేసి చెప్పాను, విజయవాడ వెళ్ళి కంప్యూటర్లలో పెద్ద చదువు చదువుతానని. నాన్న కసురుకోలేదు. ఆయన వ్యాపారి, షరతు పెట్టాడు.

"మన చుట్టం కాదు, మన బేరగాడు కాదు, ముక్కూమొహం తెలియనివాడు ఒక్కడు అది కావాలని ఉత్తరం రాస్తే నిన్ను చదివిస్తా. ఈ సీజనంతా చూద్దాం. రాకపోతే కొట్లో నా పక్కన కూర్చో. సరేనా?"

సరేనన్నాను. మర్నాడే వెళ్ళి మాస్టారికి ఈ షరతు పూసగుచ్చినట్టు చెప్పాను. విని చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. న్యాయమైన షరతేనమ్మా అన్నారు.

కాయ తయారయ్యే వేళకి కొత్త క్యాటలాగు వచ్చింది. అందరం తెర ముందు కూర్చున్నాం. వరసగా చదువుతూ వస్తున్నారు. లెక్కల ప్రోగ్రాముల్లోకి వచ్చేసరికి నా వంతు కాకపోయినా మాస్టారు నా వైపు తిరిగి, "ఇది నువ్వు చదువమ్మా" అన్నారు. చూద్దును కదా, నా ప్రోగ్రాం. రాసినవారు అని నా పేరు, నూజివీడు అని మా ఊరు. మామిడి వర్తకులకి తేలికైన, నిజాయితీ గల ప్రోగ్రాం అని ఇంగ్లీషులో వివరం. నిజాయితీ అన్న మాట క్యాటలాగులో ఇంకే ప్రోగ్రాముకీ లేదు. నాకు ఆ ముక్క అప్పుడే కొత్తగా అనిపించింది, సంతోషంలో పట్టించుకోలేదు. రెండుసార్లు పైకి చదివాను. అమ్మగారు ఇంటినుంచి కేసరి చేసి పంపారు.

మర్నాడు నాన్నని లాక్కొచ్చాను. ఆయన ఆ మేడ ఎక్కడం అదే మొదలు, అదే ఆఖరు. చెప్పులు విప్పి, పంచె ఎగ్గట్టుకుని, తెర ముందు ఒంగుని నిలబడ్డాడు. ఇంగ్లీషు రాదు. నా పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాడు. చూపించాను. ఇది ఎన్ని ఊళ్ళకి వెళ్ళిందండీ అని మాస్టారిని అడిగాడు. చాలా ఊళ్ళకి వెళుతుందండీ అన్నారు మాస్టారు. ఆ క్యాటలాగు వెళుతుంది, నిజమే. నా పేరున్నది వెళుతుందని మాత్రం ఆయన అనలేదు. ఇప్పుడు అర్థమవుతోంది ఎంత జాగ్రత్తగా మాట్లాడారో. నాన్న ఆ సాయంత్రం కనిపించినవాడికల్లా మా అమ్మాయి పేరు దేశమంతా కంప్యూటర్లో వచ్చిందని చెప్పుకున్నాడు.

ఆ సీజనంతా పోస్ట్‌మ్యాన్ కోసం కళ్ళు కాయలు కాచేలా చూశాను. బంగినపల్లి వెళ్ళింది, రసాలు వెళ్ళాయి, కలెక్టరు కాయ కూడా అయిపోయింది. ఆ మధ్యలో వచ్చిన క్యాటలాగులోనూ నా పేరుంది. ఉత్తరం మాత్రం రాలేదు. మాస్టారిని అడిగితే "ఓపిక పట్టు" అనేవారు. వానలు పడ్డాక నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పాపం, మెల్లగానే చెప్పాడు. దేశమంతా చూశారు కదమ్మా, ఎవరికీ అక్కర్లేకపోయింది, మనమేం చేస్తాం అన్నాడు. మర్నాటి నుంచి కొట్లో కూర్చున్నాను.

కొట్టు నాకు అన్యాయం చేయలేదు. ఇవాళ నూజివీడు మార్కెట్లో నా మాటకి విలువుంది. కానీ ఒక సంగతి ఇన్నేళ్ళూ మోశాను. నేను మనసుపెట్టి చేసిన ఒకే ఒక్క పనిని ఊరూరా చూపించారు, ఏ ఒక్కరికీ నచ్చలేదు. అదీ నా లోపల ఉండిపోయిన లెక్క. ఆ తర్వాత సొంతంగా కొత్తది ఏది మొదలెడదామన్నా అదే గుర్తొచ్చి చెయ్యి వెనక్కి వచ్చేది. నాన్న కూడా పోయేదాకా, నన్ను బాధపెట్టడం ఇష్టంలేక, నా ముందు కంప్యూటర్ల మాట ఎత్తేవాడు కాదు.

మాస్టారి దగ్గరికి మాత్రం రాకపోకలు మానలేదు. ఏటా వేసవిలో చిన్నరసాలు పెట్టెలో పెట్టి పంపేదాన్ని. నిరుడు ఆయనకి గుండెజబ్బు చేసి మంచాన పడి లేచారని తెలిసి, ఈసారి నేనే వెళదామని, గుమాస్తా చేత గంప నింపించి, వంద కాయలు ఆటోలో తీసుకెళ్ళాను. అమ్మగారు వరండాలో వరిగడ్డి పరిచి కాయలు పేరుస్తున్నారు. మాస్టారు పక్కన కుర్చీలో కూర్చుని, పనేమీ లేక, పేర్చినవి పేర్చినట్టు లెక్కపెడుతున్నారు. లెక్కల మాస్టారి కంటికి ఏది కనపడినా అంతే కదా.

"వంద తెచ్చానన్నావు. నూట పది ఉన్నాయేంటమ్మా?"

నవ్వాను. మా వంద అంతేనండీ, కొసరు కలిస్తేనే వంద అన్నాను. ఆయన నవ్వలేదు. ఎప్పటినుంచి అని అడిగారు. మా తాతల నాటినుంచీ అని, దారిలో కుళ్ళేవాటి సంగతంతా వివరించాను. ఆయన ఒక కాయ చేతిలోకి తీసుకున్నారు.

"అప్పట్లో నువ్వు రాసినదాంట్లో వంద కొడితే నూట పది వచ్చేది. అది ఇదేనా?"

"మరి? అదే కదండీ దాని గొప్ప."

అమ్మగారి చేతులు గడ్డి మీద ఆగిపోయాయి. ఆవిడకి అంతా తెలుసని అప్పుడే నాకు అర్థమైంది. ఏం తెలుసో మాత్రం ఇంకా తెలియదు.

అప్పుడు చెప్పారు మాస్టారు. మద్రాసువాళ్ళు నా ఫ్లాపీ తిప్పి పంపేశారు. ఈ ప్రోగ్రాముకి కూడిక కూడా సరిగ్గా రాదు, వంద ఇస్తే నూట పది అంటోంది అని చీటీ పెట్టారు. ఆయన స్వయంగా వేసి చూశారు. నిజమే, నూట పది. ఇంత కష్టపడిన పిల్లకి లెక్క రాదని ఎలా చెప్పడమని మథనపడ్డారు. క్యాటలాగు ఫ్లాపీలో వివరాలన్నీ మామూలు రాత ఫైళ్ళే, ఎవరైనా మార్చుకోవచ్చు. ఆయన దాన్ని తెరిచి, మధ్యలో నా ప్రోగ్రాం పేరూ నా పేరూ, ఆ నిజాయితీ అన్న వివరమూ టైపు చేశారు. దేశంలో ఇంకెక్కడా లేదు. ఆ మేడ మీద, ఆ ఒక్క ఫ్లాపీలో మాత్రమే ఉంది. తర్వాత వచ్చినదాంట్లోనూ అలాగే చేర్చారు.

అంతా విన్నాక అడిగాను, మా నాన్న పెట్టిన షరతు మీకు తెలుసు కదండీ అని.

"తెలుసు. ఎవరూ కావాలనకపోతే అది లోకం తప్పమ్మా. లెక్క రాదని తేలితే అది నీ తప్పవుతుంది. మొదటిదే నయమనుకున్నా."

"ఒక్క మాట అడిగితే పోయేది కదా మాస్టారూ. ఇదేంటమ్మా నూట పది ఉంది అని. ఇవాళ ఈ కాయల గురించి అడిగినట్టే."

ఆయన తల వంచుకున్నారు. "అడగాల్సింది" అన్నారు. అమ్మగారు తెచ్చిన మజ్జిగ అలాగే ఉంచి లేచి వచ్చేశాను.

మీరే చెప్పండి. అడిగి ఉంటే కొసరు సంగతి చెప్పేదాన్ని. ఒక్క లైను రాసి మళ్ళీ పంపేవాళ్ళం. అప్పుడు నిజంగానే అందరూ చూసి ఎవరూ కావాలనకపోయినా సరే, ఆ ఓటమి నాదే అనుకునేదాన్ని. నాకు ఓడిపోయే అవకాశం కూడా ఇవ్వలేదు. అంతకంటే నొప్పి ఇంకొకటుంది. అందరికంటే నన్ను ఎక్కువ మెచ్చుకున్న మనిషి, నాకు కూడిక రాదని నమ్మి మెచ్చుకున్నారు. ప్రతి తప్పుకీ "మళ్ళీ చూడు" అన్నవారు, ఆ ఒక్కసారి మాత్రం అనలేదు. లేని ఉత్తరం కోసం నేను ఎదురుచూస్తుంటే రోజూ చూశారు. చూస్తూ ఓపిక పట్టమన్నారు. జాలి పడి చేశారని నాకు తెలుసు. ఆ జాలే నాకు అక్కర్లేదు.

ఆ తర్వాత ఆయన ఒక్కసారే ఫోన్ చేశారు, క్రిస్మస్ రోజున. శుభాకాంక్షలు చెప్పాను. ఏమ్మా అని పిలిచి, పూత ఎలా ఉందని అడిగారు. బాగుందండీ అన్నాను. అదే ఆఖరి మాట.

సమాధి కార్యక్రమానికి వెళ్ళాను. ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్పారు. బాపులపాడతను, ఆ చదరంగం అతను, ఇప్పుడు తల నెరిసి బట్టతల వచ్చింది, మైకు పట్టుకుని మాస్టారి నోట అబద్ధమన్నది ఎరగమని ఏడ్చాడు. అందరూ ఆమేన్ అన్నారు. ముందు వరసలోంచి అమ్మగారు వెనక్కి తిరిగి నా వంక చూశారు. మైకు దగ్గరున్నవాళ్ళు నన్ను కూడా మాట్లాడమన్నారు. రాలేనని చెయ్యి ఊపాను. లేస్తే ఏం మాట్లాడి ఉండేదాన్నో నాకే తెలియదు.

ఆ రోజు నుంచి ఒకటే కళ్ళముందు కనబడుతోంది. అందరూ వెళ్ళిపోయాక ఖాళీ సెంటర్లో ఆయన ఒక్కరే, కళ్ళద్దాలు ముక్కు మీదకి జార్చుకుని, ఒక్కో అక్షరం వెతికి కొడుతూ నా పేరు టైపు చేస్తున్నారు. పై పేరుకీ కింద పేరుకీ వరస తప్పకుండా ఖాళీలు సర్దుతున్నారు. ఎక్కడా అతుకు కనబడకూడదని చూసుకుంటున్నారు. నా కోసం అంత శ్రద్ధగా ఎవరూ ఏ పనీ చేయలేదు. నన్ను అంత శ్రద్ధగా ఎవరూ మోసం కూడా చేయలేదు. ఆ రెండూ ఒకే పని కావడం నాకు మింగుడుపడటం లేదు.

ఇప్పుడు రసాల కాలం వచ్చింది. మొన్న పొద్దున కొట్టుకి వెళ్ళేసరికి మా గుమాస్తా పక్కన ఒక గంప పెట్టుకుని, "లాభం, రెండు, మూడు" అని చిన్నరసాలు ఏరి వేస్తున్నాడు. మేం ఒకటికి బదులు లాభం అంటాం. ఎవరికని అడిగాను. మాస్టారుగారింటికి కదమ్మా, ఏటా పంపేదే కదా అన్నాడు. వద్దనలేకపోయాను. వంద వేశాక, అలవాటు ప్రకారం పైన పదీ పేర్చాడు.

నేనే తీసుకెళ్ళాను. అమ్మగారు వరండాలో వరిగడ్డి పరిచారు. కుర్చీ అక్కడే ఉంది, ఎవరూ తీయలేదు. నేను గంపలోంచి ఒక్కొక్కటీ అందిస్తుంటే ఆవిడ తొడిమలు కిందకి ఉండేలా పేరుస్తూ వెళ్ళారు. గంప ఖాళీ అయ్యాక, ఎన్ని తెచ్చావమ్మా అని అడిగారు.

"వందండీ" అన్నాను.

ఆవిడ తలూపి లోపలికి వెళ్ళారు. నేను కుర్చీ వంక చూస్తూ కాసేపు అక్కడే నిలబడ్డాను. గడ్డి మీద నూట పది కాయలున్నాయి. ఇదేంటమ్మా అని అడిగేవాళ్ళు లేరు.